చిన్న మేడంకి నేర్పని పని

నా కుడిచెయ్యి గురించి నేను చెప్పుకోవడం మొదలుపెడితే ఒకప్పుడు ఆపడం ఎవరి తరమూ అయ్యేది కాదు. పిల్లల ఎండోస్కోపీ డాక్టర్ని నేను, పేరు హైమవతి. ముప్ఫయ్యొక్క ఏళ్లుగా విశాఖపట్నంలో అదే పని. మూడేళ్ల పిల్లాడి నోట్లోంచి గొట్టం దించి, పొట్ట దాటించి, చిన్నపేగు మలుపులో ఆవగింజంత ద్వారం పట్టుకుని, అందులోంచి సన్నటి తీగని పైత్యనాళంలోకి పంపి, అడ్డం పడ్డ రాయిని బయటికి లాగడమంటే మాటలు కాదు. ఆ ద్వారం వెనక రెండు దారులుంటాయి. ఒకటి కాలేయం వైపు, ఇంకోటి క్లోమం వైపు. తీగ దారితప్పి క్లోమంలో ఒకసారి దూరితే అది ఓర్చుకుంటుంది. పదే పదే పొడిస్తే వాచిపోయి, తన రసంతో తనే అరిగిపోవడం మొదలెడుతుంది. ఆ నొప్పికి పెద్దవాళ్లే గోడలు గీరుకుంటారు.

ఇంత పని చేసే చేతికి పొగరుండదా? ఉండేది, దండిగా ఉండేది. ఆ పొగరు ఒక పిల్ల కడుపులో ఏం చేసిందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను. చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఉండనీ.

యాభై ఐదు దాటేసరికి నా బొటనవేలు మొండికేసింది. ఎండోస్కోపు చక్రం తిప్పీ తిప్పీ కీలు అరిగిపోయింది. ఇంట్లో పచ్చడి సీసా మూత తీయాలన్నా మా ఆయన్ని పిలవాల్సిందే. ఇలా అవుతుందని ముందే పసిగట్టినవాడు మస్తాన్ వలి. మా ఆస్పత్రి ప్రయోగశాలలో ఇంజినీరు. నరసరావుపేట మనిషి, మాట తక్కువ, పట్టు ఎక్కువ. నా వేలు పూర్తిగా పోకముందే నా చేతికి ఒక తొడుగు తొడిగాడు. పట్టుదారంలాంటి తీగలు అల్లిన తొడుగు. ఏ వేలు ఎంత ఒత్తింది, ఎప్పుడు వదిలింది, ఎక్కడ తటపటాయించింది అన్నీ అందులో దాఖలయ్యేవి. మూడేళ్లలో నాలుగువందల పన్నెండు కేసులు ఆ తొడుగుతోనే చేశాను.

"మేడం, ఇదంతా యంత్రానికి పాఠం. మీ చెయ్యి అందులో బతుకుతుంది" అన్నాడు మస్తాన్.

ఏ మనిషికైనా ఇంతకన్నా పొగడ్త ఏం కావాలి? ఉబ్బిపోయాను.

పాఠాలు అప్పగించే ముందు ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని ఆ నాలుగువందల పన్నెండూ తిరగేశాను. అందులో అరవై ఒకటి నాకు నచ్చలేదు. ఆ అరవై ఒక్క పిల్లల్లో నేను ద్వారం దగ్గర తడుముకున్నాను, దారి దొరకలేదు, చేతులెత్తేసి గొట్టం వెనక్కి తీసేశాను. వాళ్లని సర్జన్ దగ్గరికి పంపించాను. మస్తాన్ దగ్గర పాతికేళ్ల ఇంజినీర్లు నలుగురున్నారు. వాళ్లు తెర ముందు కాఫీలు తాగుతూ నా చెయ్యి తడబడటం చూస్తారనుకుంటేనే నాకు ఒళ్లు కంపరమెత్తింది. ఆ అరవై ఒకటీ విడిగా ఒక మూల పడేసి, 'తొడుగు బ్యాటరీ అయిపోయినవి' అని పేరు పెట్టాను. మిగిలిన మూడువందల యాభై ఒకటీ ఇచ్చాను. అన్నిట్లోనూ నేనే గెలిచాను.

అలా పుట్టింది యంత్రం, అచ్చం మనిషి చేతుల్లాంటి అయిదువేళ్ల చేతులతో. నా చెయ్యి ఎలా తిప్పుతుందో అలాగే తిప్పేది. వార్డులో అందరూ దాన్ని 'చిన్న మేడం' అనేవాళ్లు. ఆపరేషన్ గదిలో నేను పక్కన కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. కావాలంటే ఆపడానికి నా ముందు ఒక ఎర్ర మీట ఉండేది. తొంభై నాలుగు మంది పిల్లల్లో చిన్న మేడం చకచకా పని కానిచ్చేసింది. దాన్ని చూస్తుంటే అద్దంలో నా వయసు ఇరవై ఏళ్లు తగ్గినట్టుండేది. ఇంకో పన్నెండు ఆస్పత్రులు మాకు కావాలంటే మాకని వరసలో నిలబడ్డాయి.

నేను మాన్పించిన అలవాటొకటి ఇక్కడే చెప్పాలి. మా హెడ్ సిస్టర్ ఏలీషమ్మ నాతో ఇరవై రెండేళ్లు పనిచేసింది. తీగ ద్వారానికి తగిలినప్పుడల్లా పైకే లెక్క చెప్పేది. "ఒకటి మేడం. రెండు మేడం." మూడు దాటితే ఆవిడ గొంతు మారిపోయేది. ఎంత మొండిదాన్నైనా అయిదు దగ్గర "చాలు, తీసేద్దాం" అనేదాన్ని. చిన్న మేడం వచ్చాక ఆ లెక్క నాకు చికాకయింది.

"ఎందుకమ్మా ఆ పాట? దానికి నీ లెక్కలు అక్కర్లేదు" అన్నాను.

ఏలీషమ్మ పైకి లెక్క చెప్పడం మానేసింది. అప్పటినించీ నోరు మూసుకునే నిలబడేది.

అప్పుడొచ్చింది యామిని. ఎనిమిదేళ్లది, పలాస పిల్ల. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. పైత్యనాళంలో రాయి. తల్లి పేరు ఢిల్లీశ్వరి, జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టే పని. జీడి నూనెకి వేళ్ల చర్మం నల్లబడి, అక్కడక్కడా ఊడిపోయి ఉంది.

"కడుపు మాత్రం కొయ్యొద్దు డాక్టరమ్మా. మాయమ్మ కోత కోయించుకోడానికెల్లి మరి ఇంటికి రానేదు" అంది.

"కోసేదేం లేదు. నోట్లోంచే తీసేస్తాం" అన్నాను.

యామిని చిన్న మేడం చేతుల వంక చూసింది. "ఇది నొప్పెడతాదా?"

"నా చెయ్యేనే అది. నాకంటే మెత్తన" అన్నాను. ఆ మాట నా మీద అప్పులా మిగిలిపోయింది.

ఆ రోజు గాజు అద్దం అవతల వేరే ఊళ్లనించి వచ్చిన డాక్టర్లు అయిదుగురు నిలబడ్డారు. పిల్లకి మత్తిచ్చారు. చిన్న మేడం గొట్టం దించింది, మలుపు తిప్పింది, ద్వారం పట్టుకుంది. తీగ పంపింది. తెర మీద చూశాను, క్లోమం దారి. వెనక్కి లాగి మళ్లీ పంపింది. మళ్లీ క్లోమమే. కొంచెం కోణం మార్చింది. మళ్లీ అదే. ఎంత అందంగా చేస్తోందంటే, కసురు లేదు, విసుగు లేదు. నా చెయ్యే, అలుపు తీసేసిన నా చెయ్యి.

ఏలీషమ్మ నా వైపు తిరిగి "మేడం..." అంది.

ఉరిమి చూశాను. ఎర్ర మీట నా చేతికి జానెడు దూరంలో ఉంది. నొక్కితే అయిదుగురి ముందు నా చెయ్యి ఓడిపోయినట్టే కదా! ఇప్పుడు దొరుకుతుంది, ఇదిగో ఇప్పుడు, అనుకుంటూ కూర్చున్నాను. చివరికి ఏలీషమ్మే నన్ను పక్కకి జరిపి మీట నొక్కింది. గొట్టం ఆగిపోయింది. ఎన్నిసార్లు పొడిచిందో నాకు లెక్క తెలీదు. ఆవిడ నోరు మూసుకున్నా మనసులో లెక్కపెడుతూనే ఉంది. గది బయట చేతులు కడుక్కుంటూ చెప్పింది. తొమ్మిది.

సాయంత్రానికి పిల్ల మెలికలు తిరిగిపోయింది. క్లోమం వాచింది. పదకొండు రోజులు ఐసీయూలో. పొట్ట ఉబ్బి, ఊపిరి ఆడక, ఒక రాత్రయితే పోతుందనుకున్నాం. పైత్యం బయటికి పోవడానికి పక్కటెముకల కింద గొట్టం పెట్టారు. రాయి ఎక్కడిదక్కడే ఉంది. ఢిల్లీశ్వరి వరండాలో బల్ల మీద కూర్చుని, నేను కనిపించినప్పుడల్లా లేచి నిలబడేది. నేను ఆ వరండా దాటడం మానేశాను. వెనక మెట్ల మీదుగా తిరిగి వెళ్లడం మొదలెట్టాను. ముప్ఫయ్యొక్క ఏళ్ల డాక్టరు దొంగలా వెనక మెట్లెక్కుతోందన్నమాట!

పిల్ల కళ్లు తెరిచి మాట్లాడిన రోజున తప్పక వెళ్లాను. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది.

"అబద్ధం సెప్పినారు" అంది.

"అలా అనకూడదే, తప్పు" అని తల్లి కసిరింది. నాకు క్షమాపణ చెప్పింది. ఎవరు ఎవరికి చెప్పాలి!

ఆస్పత్రి కమిటీ కూర్చుంది. ఈ పనిలో క్లోమం వాయడం ఎరిగిన ఇబ్బందే, ఎవరి చేతిలోనైనా కొందరికి వస్తుందని రాశారు. అబద్ధం కాదది. ఆరు వారాలాగి పిల్ల కోలుకున్నాక చిన్న మేడంతోనే మళ్లీ ప్రయత్నించాలన్నారు. అందరూ లేచారు, మస్తాన్ ఒక్కడూ కదల్లేదు. మూడువందల యాభై ఒక్క పాఠాలూ మళ్లీ ముందేసుకుని కూర్చున్నాడని నాకు తర్వాత తెలిసింది. రెండు రోజుల తర్వాత నా గదికి వచ్చాడు.

"మేడం, ఒకటి అర్థం కావట్లేదు. దీనికి ఆగడం రాదు. ఎంత వెతికినా దాని పాఠాల్లో ఆగడం అనేదే లేదు. ప్రతిదీ గెలుపుతోనే ముగుస్తోంది. మీరు ఎప్పుడూ, ఒక్కసారైనా, కుదరక వెనక్కి తీసెయ్యలేదా?"

అతని మొహంలో అనుమానం కూడా లేదు. అదే నా ప్రాణం తీసింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. నోరు తెరిచాను కూడా.

"లేదు" అన్నాను.

"సరే మేడం" అని వెళ్లిపోయాడు. ఫలితం తెలియక చేసింది ఒకటి, తెలిసి చేసింది ఇంకోటి. ఆ రోజుతో రెండూ నావే అయ్యాయి.

ఆరో వారం సోమవారం ఢిల్లీశ్వరి పిల్లని తీసుకుని వచ్చింది. మంగళవారం ఉదయం ప్రయత్నం. కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటుంటే, చీర కొంగులోంచి న్యూస్‌పేపరు పొట్లం తీసి నా బల్ల మీద పెట్టింది. జీడిపప్పు. అన్నీ బద్దలే, విరగని గుండు ఒక్కటీ లేదు.

"గుళ్లు కంపెనీకి పోతాయి. బద్దలు మాకిస్తారు. మీరు తినండమ్మా" అంది.

ఏదో ఒకటి అనాలి కదా అని, "గుండు విరక్కుండా ఎలా కొడతారు?" అన్నాను.

"ఏటుంది, సెయ్యే సెప్తాది. రెండు దెబ్బలకి ఇడకపోతే ఆ పిక్కని పక్కనెట్టేస్తాం. మూడోది ఏస్తే లోపల పప్పు నుజ్జయిపోతాది. కొత్తగా వొచ్చినోల్లకి ముందు అదే నేర్పుతాం. కొట్టడం తరవాత నేరుస్తారు."

ఆవిడ మామూలుగా చెప్పి పిల్లని తీసుకుని వార్డుకి వెళ్లిపోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. నాలుగో తరగతి దాటని మనిషి కొత్తవాళ్లకి ముందు నేర్పే పాఠం, నేను ఒక మూల దాచేసి బ్యాటరీ మీదకి తోసేశాను.

సాయంత్రం ఇంటికి వెళితే మా ఆయన ఆ పొట్లం చూసి సంబరపడి ఉప్మాలో గుప్పెడు వేశారు. నేను ఒక్కొక్క బద్దా ఏరి ప్లేటు పక్కన పెడుతున్నాను.

"అదేమిటి, ఎప్పుడూ నా ప్లేట్లోవి కూడా లాక్కుంటావుగా? ఒంట్లో బాగాలేదా?" అన్నారు.

"బాగాలేనిది ఒళ్లు కాదు" అన్నాను.

చెప్పేశాను. అరవై ఒకటి గురించి, మస్తాన్‌తో ఆడిన అబద్ధం గురించి. ఆయన గిన్నె పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"రేపు ఆ పిల్లకి మళ్లీ అదే యంత్రమా?" అన్నారు.

"అదే."

"అయితే నాతో ఎందుకు చెబుతున్నావు?"

నిజమే కదా. ఏదో వంక పెట్టి రేపటిది రద్దు చేయించడం నాకు చిటికెలో పని. అప్పుడు యామిని బతికిపోతుంది, నా పరువూ దక్కుతుంది. పన్నెండు ఊళ్లలో పన్నెండు చిన్న మేడంలు మాత్రం ఆగడం తెలియని నా చేత్తో పిల్లల్ని పొడుస్తూ ఉంటాయి. తెల్లవారగానే బయల్దేరాను.

ఆ ఉదయం ముందు మెట్ల మీదుగానే వెళ్లాను. మస్తాన్‌నీ ఏలీషమ్మనీ వెంటబెట్టుకుని ఢిల్లీశ్వరి మంచం దగ్గర నిలబడ్డాను. పిల్ల పడుకుని ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు నేను.

"మీ పిల్లకి వచ్చిన నొప్పి దైవాధీనం కాదమ్మా. నా వల్ల. ఈ యంత్రానికి పని నేర్పింది నేను. కుదరనప్పుడు ఆపెయ్యాలని నాకు తెలుసు. అరవై ఒక్కసార్లు అలా ఆపాను కూడా. అవన్నీ నాకు నామర్దా అనిపించి దాచేశాను. దానికి నేర్పలేదు. అందుకే అది ఆగలేదు. ఆ రోజు ఆపే మీట నా ముందే ఉంది. బయటి డాక్టర్లు చూస్తున్నారని నేనూ ఆపలేదు. తొమ్మిదిసార్లు పొడిచింది. నేను చూస్తూ కూర్చున్నాను."

మస్తాన్ మొహం పాలిపోయింది. "మేడం, నేను మిమ్మల్ని అడిగాను" అన్నాడు.

"అడిగావు. అబద్ధం చెప్పాను."

అతను వరండాలోకి వెళ్లిపోయాడు. అరిచినా బాగుండేది.

"నాకు తెలుసు మేడం" అంది ఏలీషమ్మ తల వంచుకుని. "ఆ అరవై ఒకటీ నా పుస్తకంలో ఉన్నాయి. ఏది ఎన్నోసారికి ఆపారో కూడా రాసి ఉంచాను. మీరే చెబుతారని చూశాను. నేను చెప్పకపోవడం నా తప్పు."

ఇరవై రెండేళ్లు నా పక్కన నిలబడ్డ మనిషి నన్ను చూసి సిగ్గుపడుతోంది. భూమి చీలితే బాగుండుననిపించింది.

ఢిల్లీశ్వరి నల్లబడ్డ వేళ్లతో పిల్ల జుట్టు సవరిస్తూ ఉండిపోయింది. తిట్టలేదు, ఏడవలేదు.

"మరిప్పుడేటి సేస్తారు?" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ రోజు యంత్రం పిల్లని ముట్టుకోదు. ఇష్టమైతే వేరే ఆస్పత్రికి పంపిస్తాను. లేదంటే సర్జన్ గారు కోసి తీస్తారు. అదీ కాదంటే, దాచిన పాఠాలన్నీ యంత్రానికి చెప్పించి, బొమ్మల మీద పరీక్షించి, కమిటీ ఒప్పుకున్నాక ఒక్కసారి ప్రయత్నిస్తాం. కుదరకపోతే కోతే గతి.

ఢిల్లీశ్వరి పిల్ల మొహం వంక చూసింది.

"కోతంటే నాకు బయం. నేర్పినాక ఒక్కసారి సూడండి. గానీ నాను లోపలుంటాను. నెక్క నాను పెడతాను. మీ ఎవుల నెక్కా నాకొద్దు" అంది. తీగ ఎన్నిసార్లు తగిలిందో ఆ లెక్క ఇక ఆవిడే పెడుతుందన్నమాట.

అక్కడినించి పనులు చకచకా జరిగాయి. పన్నెండు ఆస్పత్రులకీ నా సంతకంతో ఉత్తరాలు వెళ్లాయి, ఎందుకు ఆపుతున్నామో దాచకుండా రాసి. కమిటీ నన్ను ఆ కుర్చీలోంచి తప్పించింది. తప్పించడమే న్యాయం. మస్తాన్ నాతో పనిమాట తప్ప ఇంకో మాట మాట్లాడటం మానేశాడు. రోజూ ఉదయం నేనూ ఏలీషమ్మా ఆ పుస్తకం ముందేసుకుని, ఒక్కో కేసులో నా చెయ్యి ఎందుకు ఆగిందో ఆ నలుగురు కుర్ర ఇంజినీర్లకీ చెప్పేవాళ్లం. వాళ్ల ముందు పెద్ద తెర మీద నా చెయ్యి తడబడేది, తడుముకునేది, ఓడిపోయేది. ఒక్కడూ నవ్వలేదు. ఆపే ముందు నా ఉంగరం వేలు చక్రాన్ని రెండుసార్లు తడుతుందని వాళ్లలో ఒక అమ్మాయి కనిపెట్టింది. ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఆ సంగతి నాకే తెలీదు.

రెండు నెలలకి యామినిని మళ్లీ బల్ల మీద పడుకోబెట్టారు. ఎర్ర మీట దగ్గర ఈసారి వేరే డాక్టరు కూర్చున్నాడు. ఢిల్లీశ్వరి నిలువెల్లా ఎక్స్‌రేని ఆపే సీసపు కోటు తొడుక్కుని పిల్ల పాదాల దగ్గర నిలబడింది. పక్కన ఏలీషమ్మ. నేను గోడకి ఆనుకుని ఉన్నాను. తీగ తగలడం తెర మీద ఎలా కనిపిస్తుందో ఏలీషమ్మ ముందే చూపించింది కాబట్టి, ఢిల్లీశ్వరి కళ్లు తెర మీంచి కదల్లేదు.

గొట్టం దిగింది. మలుపు తిరిగింది. ద్వారం కనిపించింది.

"ఒకటి" అంది ఢిల్లీశ్వరి.

క్లోమం దారి. తీగ వెనక్కి వచ్చింది, కొంచెం పక్కకి ఒరిగింది.

"రెండు."

మళ్లీ అదే దారి. దొరకాలి అని కాదు, ఆగాలి అని దండం పెట్టుకున్నాను. నా జన్మలో అలా దండం పెట్టుకోవడం అదే మొదలు.

"మూడు" అంది.

తీగ వెనక్కి వచ్చింది. చిన్న మేడం ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. దాని ఉంగరం వేలు చక్రాన్ని మెల్లిగా రెండుసార్లు తట్టింది. గొట్టం నిదానంగా, గోడలకి తగలకుండా, వెనక్కి రావడం మొదలెట్టింది. ఎర్ర మీట దగ్గర కూర్చున్న డాక్టరు చెయ్యి కదపనైనా లేదు. నేను గుర్తుపట్టాను. నా చెయ్యే అది, నేను దాచుకున్న చెయ్యి.

"చాలంటోంది" అంది ఏలీషమ్మ.

పిల్లకి క్లోమం వాయలేదు. తర్వాతి వారం సర్జన్ గారు కోసి రాయి తీశారు. పొట్ట మీద నాలుగు వేళ్ల గాటు మిగిలింది. ఎనిమిదో రోజున నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది. నాతో ఇప్పటికీ మాట్లాడదు. ఇదంతా తర్వాతి సంగతి.

ఆ గదిలో అప్పటికి గొట్టం పూర్తిగా బయటికి వచ్చేసింది. కోత తప్పదని నేను దగ్గరికి వెళ్లి చెప్పాను. ఢిల్లీశ్వరి తలూపింది. పిల్ల పాదాల మీంచి చేతులు తీసి, సీసపు కోటు విప్పడానికి ఏలీషమ్మ సాయం తీసుకుంది. తర్వాత మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఇయాల మూడు" అంది. "ఆ దినం తొమ్మిది కదమ్మా?"

"అవునమ్మా" అన్నాను. "తొమ్మిది."